తిరుపతికి ముందు ఏది: ఇంకిన్ని ఎలక్ట్రిక్ బస్సులా, మిద్దెల మీద సోలారా?

అలిపిరి_వాసి:
2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. నన్నడిగితే ఊరి డబ్బు ఇంకా బస్సులకే పెట్టాలి. ఇంటి సోలార్‌కు కేంద్రం ఎటూ ఇస్తోంది, 3 కిలోవాట్లకు 78,000 రూపాయలు. పైగా ఘాట్ దిగేటప్పుడు మోటారే జనరేటరై బ్యాటరీకి కొంత కరెంటు తిరిగిస్తుంది. డీజిల్ బస్సులో అదంతా బ్రేకుల వేడికింద పోవాల్సిందే.

కరెంటు_లెక్క:
అన్నా, ఆ బస్సు తాగే కరెంటు ఎక్కడిది? దేశంలో నూటికి 70 పాళ్లకు పైగా బొగ్గు కరెంటే. పొగ గొట్టం అలిపిరి నుంచి ముద్దనూరు బొగ్గు కరెంటు కేంద్రానికి మారింది, అంతే. లెక్క చూడండి. లీటరు డీజిల్ కాలితే 2.6 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు వస్తుందనుకుంటే, కిలోమీటరుకు 650 గ్రాములు. ఎలక్ట్రిక్ బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్ వేసుకున్నా, మన గ్రిడ్ యూనిట్‌కు దాదాపు 700 గ్రాములు. ఏం తగ్గినట్టు? అదే మిద్దె మీద ఒక కిలోవాట్ పెడితే రోజుకు 4 యూనిట్లు, బొగ్గు లేకుండా.

అద్దె_ఇల్లు:
మిద్దె ఎవరిది సార్? మాది అద్దె ఇల్లు. పైన ఓనరు వాటర్ ట్యాంకు, ఓనరు బట్టలు ఆరేసే తాడు. ఆ 78,000 నాలాంటివాళ్లకు దక్కదు. బస్సు మాత్రం నేనూ ఎక్కుతా.

అలిపిరి_వాసి:
@కరెంటు_లెక్క, లెక్క ఒప్పుకుంటా. కానీ బస్టాండు దగ్గర నిలబడి ఆ నల్ల పొగ పీల్చేది ముద్దనూరు వాళ్లు కాదుగా! జీపులూ టాక్సీలూ వదిలి జనం బస్సెక్కితే వచ్చే తగ్గుదల మీ లెక్కలో లేదు.

లాడ్జి_వీధి:
ఇద్దరూ అసలుది వదిలేశారు. ఈ ఊళ్లో ఎన్ని లాడ్జీలు! తెల్లారుజామున ప్రతి గదిలో గీజరు. పైన మిద్దె ఖాళీ, ఓనరు దగ్గర డబ్బు ఉంది, సోలార్ వాటర్ హీటర్ కొత్త సంగతేం కాదు. కొండ మీద 2002లోనే ఎండ వేడితో ఆవిరి పుట్టించి, రోజుకు 15,000 మందికి వంట చేసే ఏర్పాటు పెట్టారు. కింద లాడ్జీకి బకెట్ వేణ్ణీళ్లు కష్టమా? కొత్త లాడ్జీకి ప్లాన్ అప్రూవల్ దగ్గరే సోలార్ హీటర్ పెట్టమని అడగాలి.

కరెంటు_లెక్క:
ఇది బాగుంది. కొత్తవాటికి సరే, పాత లాడ్జీల మాటేంటి?