ఇంటి మేడ మీద హ్యామ్ టవర్: పర్మిషన్ ఎవరిని అడగాలి? (కావలి)

కావలి_కుర్రోడు:
అందరికీ నమస్కారం. హ్యామ్ రేడియోకి, అంటే అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియోకి, జనరల్ గ్రేడ్ లైసెన్స్ వచ్చింది. సొంత ఇల్లు, ఒక అంతస్తు, పైన స్లాబు. మేడ మీద నలభై అడుగుల టవర్ వేసి, 14 మెగాహెర్ట్జ్‌కి మూడు ఎలిమెంట్ల (అడ్డ కడ్డీల) యాగీ యాంటెన్నా పెట్టాలని నా ఆశ. నాన్న సరేనన్నారు. పక్కింటి పెద్దాయన మాత్రం సెల్ టవర్ వేస్తున్నారు, రేడియేషన్ వస్తుందని వీధంతా చెప్పేశారు. పర్మిషన్ కోసం మున్సిపల్ ఆఫీసుకి పోతే వాళ్ల దగ్గర ఉన్నది సెల్ టవర్ దరఖాస్తు ఒక్కటే, అందులో మొదటి గడే 'కంపెనీ పేరు'. లైసెన్స్ కాపీ చూపిస్తే, ఇది ఢిల్లీ వాళ్లు ఇచ్చింది కదా, మమ్మల్నెందుకు అడుగుతున్నావన్నారు. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలన్నా?

ఒంగోలు_మాస్టారు:
తమ్ముడూ, ఆ రెండూ వేరువేరు. టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే విభాగం డబ్ల్యూపీసీ ఇచ్చిన లైసెన్స్ నువ్వు గాల్లోకి సిగ్నల్ పంపడానికి, అంతే. మేడ మీద ఇనుము నిలబెట్టడం కట్టడం కిందికి వస్తుంది, అది మున్సిపాలిటీ చూసుకోవాల్సిన పని. ఆ సెల్ టవర్ ఫారం మాత్రం ముట్టుకోవద్దు, దాన్ని నింపావంటే వ్యాపార టవర్ కింద లెక్కేసి ఫీజులూ అభ్యంతరాలూ అన్నీ నీ నెత్తిన పెడతారు. తెల్లకాగితం మీద 'సొంత వాడకానికి, అద్దె లేదు, వ్యాపారం లేదు' అని స్పష్టంగా రాసి, లైసెన్స్ కాపీ, ఇంటిపన్ను రసీదు, ఎత్తూ కొలతలతో స్కెచ్, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో లెటరు జతచేసి ఇన్‌వర్డ్‌లో (కాగితాలు తీసుకునే కౌంటర్లో) ఇవ్వు. నీ కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు. లైసెన్స్‌లో ఉన్న అడ్రసూ, టవర్ వేసే ఇంటి అడ్రసూ ఒకటేనా చూసుకో. దగదర్తి దగ్గర ఎయిర్‌పోర్టు ప్రతిపాదన ఉంది కాబట్టి ఎత్తు విషయం కూడా ముందే అడిగి రాయించుకుంటే మంచిది.

స్టేవైరు:
కాగితాల కన్నా నాకు ఆ స్లాబు గురించే టెన్షన్. గాలి లెక్కలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నెల్లూరుకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుఫాను గాలిలో యాగీ మీద పడే తోపుడంతా టవర్ పాదం దగ్గరా, దాన్ని లాగి నిలబెట్టే స్టే తీగల దగ్గరా తేలుతుంది. స్లాబు మధ్యలో నాలుగు బోల్టులు బిగించి వదిలేస్తే అక్కడే పగుళ్లొచ్చి నీళ్లు దిగుతాయి. పాదం పిల్లర్ నెత్తినే ఉండాలి, స్టేలు కూడా పిల్లర్లకో బీములకో కట్టాలి కానీ పిట్టగోడకు కట్టకు. వీలుంటే నేల మీద నుంచే లేపి గోడకు బ్రాకెట్ వెయ్యి, అదే నా మాట. ఇంకోటి, టవర్ పడితే ఎటు పడుతుందో గీసి చూడు. ఆ గీతలో 11 కేవీ కరెంటు లైను గానీ పక్కింటి మేడ గానీ ఉంటే ఎవరు పర్మిషన్ ఇచ్చినా వేయొద్దు. మన సముద్రపు గాలికి టర్న్‌బకిళ్లు (స్టేలు బిగించే మరలు) తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, ఏటా వానాకాలం ముందు విప్పి గ్రీసు పెట్టాల్సిందే.

మూలాపేట_అక్క:
ఆ పెద్దాయన్ని శత్రువును చేసుకోకు నాయనా. ఆయన భయం నిజమే, ఎవరూ వివరంగా చెప్పలేదు, అంతే. సెల్ టవర్ రాత్రింబగళ్లు ఆగకుండా పంపుతుంది, నీ రిగ్ (రేడియో సెట్టు) నువ్వు మాట్లాడినంతసేపే పంపుతుందని ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, రేడియో పెట్టి వినిపించు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోతే హ్యామ్‌లే కబుర్లు అందించారని చెప్పు. తుఫానంటే ఏంటో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు కదా. ఆయన టీవీలో గీతలొస్తే నేనే వచ్చి వైరుకి ఫెరైట్ (రేడియో అంతరాయం తగ్గించే రింగు) వేస్తానని మాట ఇవ్వు, ఇచ్చాక నిలబెట్టుకో. ఈలోపు ముప్పై అడుగుల పైపు మీద 7 మెగాహెర్ట్జ్‌కి ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారపు తీగ యాంటెన్నా) కట్టు. ఒక్కో చేయి సుమారు ముప్పైమూడు అడుగుల తీగ. ఖర్చు తక్కువ, దేశమంతా వినపడుతుంది.

కావలి_కుర్రోడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. కొలిచి చూశా, టవర్ పడితే పక్కింటి వాటర్ ట్యాంకు మీదే పడుతుంది. కాబట్టి టవర్ ఆలోచన పక్కన పెట్టి ముందు తీగ కడతా, కాగితం మాత్రం సోమవారమే ఇస్తా. స్టే తీగలకి మధ్యలో ఇన్సులేటర్లు వేయాలా?

స్టేవైరు:
వేయాలి. గుడ్డు ఆకారంలో ఉండే పింగాణీవి, కరెంటు స్తంభాల స్టేలకు చూసుంటావు, అవే. ఇన్సులేటర్ పగిలినా తీగ జారిపోదు. పైపుకు విడిగా ఎర్త్ దింపడం మర్చిపోవద్దు.