కొలంబో పార్టీ ఆర్డరు మెయిల్ స్పామ్‌లో పడిపోయింది. ఇక ముందు ఇలా జరగకుండా ఏం చేయాలి?

మిర్చి_లెక్కలు (గుంటూరు)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మావారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. రెండేళ్ల నుంచి సొంతంగా ఎగుమతి కూడా మొదలుపెట్టాం. సరుకు సంగతి ఆయన చూసుకుంటారు. బిల్లులు, బ్యాంకు, మెయిళ్లు నావి.

మొన్న జరిగింది చెప్తాను. కొలంబోలో ఒక పార్టీతో నెల రోజులుగా మాట్లాడుతున్నాం. తేజ రకం మిర్చి శాంపిల్ రెండు కిలోలు కొరియర్ చేశాం. రంగు నచ్చింది, ఘాటు నచ్చింది, ఆర్డరు మెయిల్ చేస్తామని ఫోన్లో చెప్పారు. అప్పటి నుంచి పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఇన్‌బాక్స్ చూస్తూనే ఉన్నాను. వాళ్ల కంపెనీ పేరు కొట్టి వెతికాను కూడా. ఏమీ రాలేదు. మనసు మార్చుకున్నారేమో, మళ్లీ మళ్లీ అడిగితే బాగుండదని మావారు ఫోన్ చేయడానికి మొహమాటపడ్డారు. పదకొండో రోజు వాళ్లే ఫోన్ చేసి, మీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే వేరే చోట తీసుకున్నామన్నారు.

అప్పుడు స్పామ్ తెరిచాను. లాటరీ తగిలిందనే మెయిల్ ఒకటి, లోన్ ఇస్తామనే మెయిల్ ఒకటి, ఆ రెండింటి మధ్యలో మా ఆర్డరు. ఒక కంటైనర్. ధర, పోర్టు, తేదీ అన్నీ రాసి, ఐదు రోజుల్లో ఖాయం చేయమని అడిగారు. ఆ ఆర్డరు నమ్ముకునే కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మకుండా ఆపాం. మావారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

కావాల్సిన వాళ్ల మెయిళ్లు స్పామ్‌లోకి పోకుండా ఏం చేయాలి? ఇంకో సంగతి ఇప్పుడే తెలిసింది. మేం పంపిన కొటేషన్ కూడా వాళ్ల స్పామ్‌లోనే దొరికిందట! మాది కంపెనీ డొమైన్ పేరు మీద తీసుకున్న మెయిల్. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి పెట్టిచ్చాడు, ఇప్పుడు అతను ఫోన్ ఎత్తడం లేదు. కొంచెం వివరంగా చెప్పండి, చేసుకోగలను. ట్యాలీ కూడా నేనే నేర్చుకున్నాను.

గవర్నర్‌పేట_సిస్టమ్స్ (విజయవాడ)

మేడమ్, మీరు వెతికినా ఎందుకు దొరకలేదో ముందు చెప్తాను. చాలామంది దెబ్బతినేది అక్కడే. మీరు వాడేది జీమెయిల్ లాంటిదే అనుకుంటున్నాను. అందులో మామూలుగా వెతికితే స్పామ్‌లో, ట్రాష్‌లో వెతకదు. కంప్యూటర్‌లో సెర్చ్ పెట్టె చివర ఉన్న గుర్తు నొక్కండి, ఒక ఫారం తెరుచుకుంటుంది. కింద 'ఆల్ మెయిల్' అని ఉన్నచోట 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' ఎంచుకుని అప్పుడు వెతకండి. స్పామ్‌లో పడ్డ మెయిల్ 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే పోతుంది. ఔట్‌లుక్‌లోకి పాప్ పద్ధతిలో మెయిళ్లు దించుకునే వాళ్లకైతే ఆ స్పామ్ అసలు కంటపడదు, బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవాల్సిందే.

ఆ ఆర్డరు మెయిల్ తెరిచి 'నాట్ స్పామ్' అని నొక్కండి. తర్వాత పైన మూడు చుక్కల దగ్గర మెయిల్‌కి ఫిల్టర్ పెట్టే ఆప్షన్ ఉంటుంది. ఫోన్ యాప్‌లో ఇది కుదరదు, కంప్యూటర్‌లోనే చేయాలి. 'ఫ్రమ్' గడిలో వాళ్ల పూర్తి అడ్రస్ వస్తుంది. అందులో @ గుర్తు, దాని తర్వాత ఉన్న కంపెనీ డొమైన్ మాత్రం ఉంచండి, ఎందుకంటే ఆర్డరు ఒకరు పంపుతారు, ఎల్‌సీ (డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) కాగితాలు ఇంకొకరు పంపుతారు. తర్వాతి పేజీలో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్'కి టిక్ పెట్టండి. కాంటాక్ట్స్‌లో చేర్చుకోవడమూ మంచిదే, కానీ అదొక్కటే నమ్ముకోకండి.

పార్టీ మామూలు జీమెయిల్ అడ్రస్ వాడుతుంటే మాత్రం పూర్తి అడ్రస్సే పెట్టాలి. జీమెయిల్ మొత్తానికీ ఆ టిక్ పెడితే ఊళ్లో దొంగలందరికీ తలుపు తీసినట్టే.

మీరు పంపేవి ఎందుకు స్పామ్‌లో పడుతున్నాయో తెలియాలంటే, కంపెనీ మెయిల్ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒకటి పంపండి. అక్కడ మూడు చుక్కల్లో 'షో ఒరిజినల్' తెరిచి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఎదురుగా ఏముందో ఇక్కడ రాయండి. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలవి.

పసుపు_కొమ్ము (దుగ్గిరాల)

అమ్మా, పాతికేళ్లుగా పసుపు, మిర్చి వ్యాపారంలో ఉన్నవాణ్ణి. బాబు చెప్పినవన్నీ చేయండి. కానీ స్పామ్‌లోంచి ఏ మెయిల్ బయటికి తీసినా అడ్రస్ అక్షరం అక్షరం చదివి తీయండి. అక్కడ పడేవన్నీ మన ఆర్డర్లు కావు.

మూడేళ్ల కిందట మా పేరుతో మా పార్టీకి ఒక మెయిల్ వెళ్లింది. మా లోగో, మా సంతకం, పాత ఇన్వాయిస్ నంబరు, అన్నీ ఉన్నాయి. బ్యాంకు ఖాతా మారింది, బ్యాలెన్సు కొత్త ఖాతాకి వేయండి అని రాశారు. అడ్రస్ మాదే అనిపిస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, ఇంగ్లిష్ చిన్న 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టారు. పార్టీ పాతవాడు కాబట్టి ఫోన్ చేసి అడిగాడు. లేకపోతే సరుకు వాళ్లకి, డబ్బు దొంగలకి. అప్పటి నుంచి మా ప్రతి ఇన్వాయిస్ కింద 'ఖాతా మారితే మెయిల్లో చెప్పం, ఫోన్ చేసి చెప్తాం' అని అచ్చు వేయిస్తున్నాను.

ఇంకో మాట. ఆర్డరు పంపుతామన్న పార్టీకి రెండో రోజున ఫోన్ చేయడంలో తప్పేం లేదమ్మా. వ్యాపారంలో అది మొహమాటపడే చోటు కాదు. కొలంబో వాళ్లకి ఇప్పుడైనా ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పమనండి. వాళ్ల స్పామ్‌లోనూ మీ కొటేషన్ దొరికింది కాబట్టి అర్థం చేసుకుంటారు.

మిర్చి_లెక్కలు (గుంటూరు)

బాబాయ్ గారూ, మీ మాట మావారికి చదివి వినిపించాను. సాయంత్రం ఫోన్ చేస్తానన్నారు.

గవర్నర్‌పేట అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. ఎస్‌పీఎఫ్ ఎదురుగా 'పర్మ్‌ఎర్రర్' అని ఉంది. డీకిమ్ 'పాస్' అనే ఉంది కానీ పక్కన మా డొమైన్ పేరు కాదు, వేరే ఏదో పొడుగు పేరు ఉంది. డీమార్క్ అనే వరుసే లేదు.

గవర్నర్‌పేట_సిస్టమ్స్ (విజయవాడ)

అనుకున్నదే మేడమ్. మీ భాషలోనే చెప్తాను. ఎస్‌పీఎఫ్ అంటే మీ పేరు మీద సరుకు మోయడానికి ఏ లారీలకి అనుమతి ఉందో రాసిన చీటీ. డీకిమ్ అంటే బస్తా మీద మీ సీలు, దారిలో ఎవరూ విప్పలేదనడానికి గుర్తు. డీమార్క్ అంటే ఆ రెండూ మీ పేరుతో కలవకపోతే సరుకుని ఏం చేయాలో అవతలి గేటు వాళ్లకి మీరిచ్చే సూచన.

పర్మ్‌ఎర్రర్ అంటే ఎస్‌పీఎఫ్ చీటీలోనే తప్పుందని. అది వచ్చిందంటే చాలాసార్లు ఆ చీటీలు రెండు ఉంటాయి. డొమైన్ కొన్నచోట లాగిన్ అయ్యి డీఎన్ఎస్‌లో (మీ డొమైన్ వివరాలు రాసి ఉండే పట్టిక) టీఎక్స్‌టీ రికార్డులు, అంటే ఆ చీటీలు రాసే వరుసలు, చూడండి. వెబ్‌సైట్ హోస్టింగ్‌కి ఒకటి, మెయిల్‌కి ఒకటి కనిపిస్తాయి. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండింటిలో ఉన్నవి ఒకే రికార్డులో కలిపి రెండోది తీసేయండి. తర్వాత మెయిల్ అడ్మిన్ పేజీలో డీకిమ్ తాళం తయారుచేసి, దాన్నీ టీఎక్స్‌టీగా పెట్టి, మళ్లీ అడ్మిన్ పేజీకి వచ్చి 'స్టార్ట్ అథెంటికేషన్' నొక్కాలి. ఈ చివరి నొక్కుడు చాలామంది మర్చిపోతారు. డీమార్క్ మొదట 'నన్' (ఏ చర్యా వద్దు) అని పెట్టండి, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని తేలాక గట్టిపరచవచ్చు. మార్పులు అంతటా పాకడానికి 48 గంటల దాకా పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకి మూడూ ఉండాలి. మీరు అన్ని పంపరు, అయినా మూడూ పెట్టుకోండి.

మిర్చి_లెక్కలు (గుంటూరు)

అన్నా, అన్నట్టే రెండు రికార్డులున్నాయి. కలిపాను. డీకిమ్, డీమార్క్ కూడా మీరు చెప్పినట్టే పెట్టాను. మూడో రోజుకి మూడు వరుసల్లోనూ 'పాస్' వచ్చింది, డీకిమ్ పక్కన మా డొమైన్ పేరే కనిపించింది. కొలంబో పార్టీకి ఒక మెయిల్ పంపి ఫోన్ చేస్తే, ఇన్‌బాక్స్‌లోనే ఉందన్నారు. ఈ ఆర్డరు తిరిగి రాదు, కానీ కొత్త పంట వచ్చాక రేటు పంపమన్నారు. వాళ్లకి, బ్యాంకుకి, టెస్టింగ్ ల్యాబ్‌కి ఫిల్టర్లు పెట్టాను. సోమవారం, గురువారం లెక్కలు ముగించాక స్పామ్ ఒకసారి చూస్తున్నాను. నిన్న చూస్తే క్లియరింగ్ ఏజెంటు పంపిన షిప్పింగ్ బిల్లు అందులో ఉంది. అడ్రస్ అక్షరం అక్షరం చదివి, వాళ్లకి ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు బయటికి తీశాను.