అప్‌డేట్: ఇంటర్న్‌షిప్ దరఖాస్తు పంపేశాను

మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను, విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వేసవి ఇంటర్న్‌షిప్‌కు పత్రాలు ఎలా సిద్ధం చేసుకోవాలని అడిగాను కదా. నిన్న దరఖాస్తు పంపేశాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

రెజ్యూమేను ఒక పేజీకి కుదించాను. తండ్రి పేరు, అభిరుచులు, ‘కష్టపడే స్వభావం’ అన్నీ పోయాయి. ఆ చోటంతా మేం చేసిన పంపు ప్రాజెక్టుకు ఇచ్చాను: ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) డ్రాయింగ్ ఎవరు గీశారు, ప్రవాహం, హెడ్ (పంపు నీటిని ఎత్తగల ఎత్తు) ఎలా కొలిచాం, అందులో నా వంతు ఎంత. తేడా నాకే తెలుస్తోంది.

కవరింగ్ లెటర్ గురించి ఒక సీనియర్ అన్న చెప్పిన మాట బాగా నచ్చింది. 1941లో మొదలైన సంస్థ, 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నౌక జలప్రవేశం... వాళ్ల చరిత్ర వాళ్లకే వినిపించడం దేనికి? అదంతా తీసేసి, పైపింగ్ విభాగంలో ఏమి నేర్చుకోవాలనుకుంటున్నానో రెండు వాక్యాల్లో రాశాను.

ఆలస్యమంతా కళాశాల అనుమతి పత్రం దగ్గరే. ప్రిన్సిపల్ సంతకం, ముద్రతో పాటు శిక్షణ తేదీలు కూడా రాయించాను. అవి సెమిస్టర్ పరీక్షలకు అడ్డు రాకుండా చూసుకోవాలి. నా మాట వింటే ముందు దీనికే అర్జీ పెట్టండి, రెజ్యూమే తర్వాత దిద్దుకోవచ్చు. మార్కుల మెమోలు ద్వారకానగర్‌లో స్కాన్ చేయించి ఒకే పీడీఎఫ్‌గా కలిపాను. జవాబు ఇంకా రాలేదు.