నెట్‌వర్క్ కుప్పకూలితే వినియోగదారులను పోటీ సంస్థకు మళ్ళించడం తప్పనిసరి చేయాలా?

ప్రశ్న వేసిన సభ్యుడు:
2022 జులై 8న కెనడాలో రోజర్స్ టెలికాం సంస్థ తన కోర్ నెట్‌వర్క్‌ను (కాల్స్, డేటా అన్నిటినీ నడిపే కేంద్ర వ్యవస్థను) నవీకరిస్తుండగా రౌటింగ్ సమాచారాన్ని, అంటే డేటా వెళ్ళే దారుల వివరాలను, పరిమితం చేసే వడపోత ఒకటి తొలగిపోవడంతో 1.2 కోట్లకు పైగా వినియోగదారులకు సేవలు నిలిచిపోయాయి. ఆ దేశపు చెల్లింపుల వ్యవస్థ ఇంటరాక్ ద్వారా జరిగే డెబిట్ చెల్లింపులు కూడా ఆగాయి. ఇలాంటప్పుడు పోటీ సంస్థలు ఆ వినియోగదారులను రోమింగ్‌లో చేర్చుకోవాలని చట్టమే శాసించాలన్నది నా వాదన.

మొదటి సభ్యుడు:
అది ఆచరణలో నిలవదు. రోమింగ్‌కు వచ్చిన సిమ్‌ను దాని సొంత సంస్థ డేటాబేస్ ధ్రువీకరించాలి. కోర్ పడిపోయిన రోజున ఆ డేటాబేసే అందదు. ఒకవేళ అందినా, లక్షలాది ఫోన్లు ఒకేసారి నమోదుకు ఎగబడితే బాగున్న నెట్‌వర్క్ కూడా కుంగుతుంది. అదే నెలలో జపాన్‌లోని కేడీడీఐ టెలికాం సంస్థలో రౌటర్ (డేటాకు దారి చూపే పరికరం) మార్పిడి వేళ తలెత్తిన లోపం 61 గంటలకు పైగా సాగడానికి ఇటువంటి నమోదుల రద్దీయే ప్రధాన కారణం.

ప్రశ్న వేసిన సభ్యుడు:
మరి అత్యవసర కాల్స్ సంగతేమిటి? ధ్రువీకరణ లేకుండానే వాటిని ఏ నెట్‌వర్క్ అయినా స్వీకరించే వీలు ఉంది కదా.

మొదటి సభ్యుడు:
ఉంది, కానీ సొంత సంస్థ టవర్ సంకేతం అందుతున్నంతసేపు ఫోన్ సాధారణంగా మరో నెట్‌వర్క్‌ను వెతకదు. రోజర్స్ కోర్ పడిపోయినా టవర్లు సంకేతం పంపుతూనే ఉన్నాయి. 2023 నవంబరు 8న ఆస్ట్రేలియాలో ఆప్టస్ టెలికాం సంస్థ సేవలు ఆగినప్పుడు 2,145 మంది అత్యవసర నంబరుకు కాల్ చేయలేకపోయారు. కాబట్టి నియమం పెట్టదలచుకుంటే, కోర్‌తో సంబంధం తెగిన టవర్ తనంతట తానే ఆగిపోవాలని పెట్టాలి.

రెండవ సభ్యుడు:
ఇక్కడే నాకు అభ్యంతరం ఉంది. ఆప్టస్‌లో అసలు జరిగిందేమిటి? రౌటింగ్ సమాచారం పరిమితి మించగానే, తయారీదారు పెట్టిన రక్షణ అమరిక ప్రకారం దాదాపు 90 రౌటర్లు తమను తామే నెట్‌వర్క్ నుంచి వేరు చేసుకున్నాయి. రక్షణ కోసం పెట్టినదే అంతరాయమైంది! క్షణికమైన లోపానికి వేల టవర్లు ఆగిపోతే బాధ్యులెవరు? ఆ నిర్ణయం ఇంజనీర్లదే కావాలి. అందుకు నిర్వహణ నెట్‌వర్క్‌ను, అంటే ఇంజనీర్లు పరికరాలను అదుపు చేసే మార్గాన్ని, విడిగా ఉంచాలి. రోజర్స్‌లో అదీ కోర్‌పైనే ఆధారపడటంతో ఇంజనీర్లకు పరికరాలే అందలేదు.

మొదటి సభ్యుడు:
విడి నిర్వహణ నెట్‌వర్క్ అవసరమే, కానీ మనిషి నిర్ణయం కోసం అత్యవసర కాల్ ఆగదు. సంబంధం తెగి కొన్ని నిమిషాలు గడిచాకే టవర్ ఆగేలా గడువు పెడితే క్షణికమైన లోపాల బెడద చాలావరకు తగ్గుతుంది. ఆ గడువు ఎంత ఉండాలో సంస్థలకు వదిలేయకుండా నియంత్రణ సంస్థ నిర్ణయించాలి.