వరదలో మునిగిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనేముందు ఏ పరీక్ష చేయించాలి?

విజయవాడ సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తులోని ఒక పాత ఫ్లాట్‌ను నేనూ నా భార్యా కొనదలచుకున్నాము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ భవనం పార్కింగ్ రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయింది. ఇల్లు ఆమెకు ఎంతో నచ్చింది (తూర్పు వాకిలి, వంటగదిలోకి పొద్దుటి ఎండ), ధర కూడా మాకు అందుబాటులోనే ఉంది. నా బెంగంతా కింది స్తంభాల గురించే.

30 ఏళ్లకు ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాము, నగరపాలక సంస్థ మంజూరు చేసిన ప్లానుతో కొలతలు సరిపోల్చుకున్నాము. రెండింటిలోనూ ఇబ్బంది లేదు. పార్కింగుకు కొత్తగా రంగు వేయించినా, మీటర్ల బోర్డు వెనుక గోడపై నడుము ఎత్తున మట్టిరంగు చార ఇంకా కనిపిస్తోంది. మూలనున్న స్తంభం అడుగున జానెడు పొడవున నిలువు పగులు ఉంది, గోరుతో గీకితే ప్లాస్టరు పెళ్లలుగా రాలుతోంది. అది పైపూత లోపమేనని అమ్మేవారు అంటున్నారు. మేము తీసుకెళ్లిన మేస్త్రీ సుత్తితో తట్టి చూసి పర్వాలేదన్నాడు గానీ, ఆ ఒక్క మాట మీద నలభై లక్షలు పెట్టే ధైర్యం మాకు లేదు.

ఈ నెలాఖరులోగా బయానా ఇవ్వాలి. స్తంభాల లోపలి ఇనుము తుప్పు పట్టిందో లేదో అంతకుముందే తేల్చుకోవడానికి ఏ పరీక్ష చేయించాలి?