లూథర్ ఎదిరించింది అధికారుల అవినీతినా, వారు చేసిన బోధనా?

చరిత్ర ఉపాధ్యాయుడు, కడప

మతసంస్కరణోద్యమం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒకే సందేహం కలుగుతోంది. పోపు పాపపరిహార పత్రాలు అమ్మించాడనీ, 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ ఎదిరించాడనీ పుస్తకం రెండు వాక్యాల్లో తేల్చేస్తుంది. కానీ అలాంటి అక్రమాలను అంతకు నూరేళ్ల ముందే ఖండించినవారున్నారు. 1412లో ప్రాగ్ నగరంలో మతబోధకుడు యాన్ హుస్ ఇవే పత్రాల మీద గళమెత్తాడు. 1415 జులై 6న కాన్‌స్టాన్స్‌లో ఆయనను సజీవంగా దహనం చేశారు. మరి సంస్కర్తలు తప్పుపట్టింది కొందరి దురాశనా, ఆ దురాశకు చోటిచ్చిన బోధనా? సభ్యులు తమ అభిప్రాయాలను ఆధారాలతో తెలియజేయగలరు.

లూథరన్ సంఘ సభ్యుడు, గుంటూరు

మాస్టారూ, 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ దొరగారి కాలం నుంచి మా ఇంటివారు లూథరన్లే కాబట్టి నాది ఒక పక్షం వాదనగా మీకు తోచవచ్చు. అయినా, జర్మనీలోని మైన్జ్ నగరపు లెక్కలు చూస్తే దురాశనూ బోధనూ విడదీయడం ఎంత కష్టమో తెలుస్తుంది.

మైన్జ్ అగ్రపీఠాధిపతులు (ఆర్చిబిషప్పులు) 1504లో ఒకరు, 1508లో ఒకరు, 1514లో ఒకరు మరణించారు. కొత్తవారు వచ్చిన ప్రతిసారీ రోములోని పోపు కార్యాలయానికి పెద్ద రుసుము చెల్లించాలి కాబట్టి, పదేళ్లలో అక్కడి ఖజానా అప్పులపాలైంది. అప్పుడు బ్రాండెన్‌బర్గ్ రాజవంశానికి చెందిన ఆల్బ్రెక్ట్, తనను ఎన్నుకుంటే ఆ రుసుము తానే కడతానని ముందుకు వచ్చాడు. అతని వయస్సు 23 ఏళ్లు. పీఠాధిపతి కావడానికి శ్రీసభ చట్టం అడిగే వయస్సు 30. పైగా ఒకరే రెండు పీఠాలు ఏలకూడదు, అప్పటికే మాగ్డెబర్గ్ అగ్రపీఠం అతని చేతిలో ఉంది. ఈ రెండు నిబంధనలనూ సడలించినందుకు రోము మరికొంత సొమ్ము కోరింది. ఆల్బ్రెక్ట్ ఆ మొత్తాన్ని ఆగ్స్‌బర్గ్‌లోని వడ్డీ వ్యాపారులైన ఫుగ్గర్ల వద్ద అప్పు తెచ్చాడు. ఆ అప్పు తీర్చే మార్గం కూడా రోమే చూపింది: సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణం పేరిట అతని ప్రాంతాల్లో పరిహార పత్రాలు పంచాలి, వచ్చిన దానిలో సగం దేవాలయానికి, సగం ఫుగ్గర్ల బాకీకి పోవాలి. ప్రచారకుడైన యోహాన్ టెట్జెల్ వెంట ఫుగ్గర్ల గుమాస్తా కూడా తిరిగేవాడు. తన బిడ్డ ఆత్మకు విడుదల దొరుకుతుందనే నమ్మకంతో పెట్టెలో నాణెం వేసిన తల్లికి, అందులో సగం ఒక యువరాజు పదవి కోసం చేసిన అప్పుకు జమ అవుతుందని ఎవరు చెప్పారు? అయిదు వందల ఏళ్లు గడిచినా ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఉపదేశిగారి కుమార్తె, కతోలిక విచారణ సభ్యురాలు

సోదరా, మీరు చెప్పిన లావాదేవీని నేను సమర్థించను. అయితే పరిహార పత్రం పాపాన్ని క్షమించేది కాదు. పాపసంకీర్తనంలో, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకుని, క్షమాపణ పొందినవారికి ఇంకా మిగిలి ఉన్న లౌకిక శిక్షను, అంటే శాశ్వతం కాని కొంతకాలపు శిక్షను, తగ్గించేదని మాత్రమే శ్రీసభ బోధించింది. టెట్జెల్ వంటివారు ఆ బోధను చెడగొడితే ఆ దోషం వారిది. దిద్దుబాటు కోరినవారు శ్రీసభ లోపల లేరనడం కూడా అన్యాయం. ఆరవ ఏడ్రియన్ పోపు 1523 జనవరిలో న్యూరెంబర్గ్‌లో కూడిన జర్మన్ పాలకుల సభకు తన దూతను పంపి, ఎన్నో ఏళ్లుగా పోపు పీఠంలోనే ఘోరమైన అక్రమాలు జరిగాయని బహిరంగంగా ఒప్పుకున్నారు. 1537లో కార్డినల్ కాంటరీని బృందం పోపుకే ఆ లోపాలను లిఖితపూర్వకంగా విన్నవించింది. ట్రెంట్‌లో కూడిన కతోలిక పీఠాధిపతుల మహాసభ చందాలు వసూలు చేసే ప్రచారకుల పదవిని రద్దు చేసింది. 1567లో అయిదవ పయస్ పోపు డబ్బుతో ముడిపడిన పరిహారాలన్నింటినీ రద్దు చేశారు. ఇల్లు విడిచి పోకుండా ఇంటిని శుభ్రం చేసుకున్న వీరు సంస్కర్తలు కారా?

ఎం.ఏ. విద్యార్థి

జర్మన్ రాజుల స్వార్థాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లూథర్‌ను కాపాడిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ తన భూముల్లో టెట్జెల్‌ను అడుగుపెట్టనివ్వలేదు. కానీ విట్టెన్‌బర్గ్‌లో ఆయన సేకరించిన వేలాది పుణ్యశేషాలను (పునీతుల అస్థికలు వంటివి) దర్శించినవారికీ పరిహారం లభించేది. విట్టెన్‌బర్గ్ ప్రజలు సరిహద్దు దాటి యూటెర్‌బోగ్‌కు వెళ్లి టెట్జెల్ దగ్గర పత్రాలు కొనుక్కోవడం ఆయనకు నష్టమే.

లూథరన్ సంఘ సభ్యుడు, గుంటూరు

రాజుల స్వార్థం లూథర్ బతికి ఉండటానికి కారణం కావచ్చు. ఆయన ప్రశ్నకు అది కారణం కాదు. ఫ్రెడరిక్ పుణ్యశేషాల మీద వచ్చే పరిహారాలను కూడా లూథర్ తన ప్రసంగాల్లో ప్రశ్నించాడు.

సోదరి చెప్పిన బోధ సరైనదే, దానిని నేను కాదనను. కానీ ఆల్బ్రెక్ట్ పేరిట ప్రచారకులకు ఇచ్చిన ఆదేశపత్రం ఏం చెప్పిందో చూడండి. రాజులు, పీఠాధిపతులు కనీసం 25 బంగారు గుల్డెన్లు ఇవ్వాలని, ఏమీ లేని పేదలు ప్రార్థన, ఉపవాసాలతో పొందవచ్చని అందులో ఉంది. అంతవరకు సరే. ఉత్తరించు స్థలంలో, అంటే మరణానంతరం ఆత్మలు శుద్ధి పొందే చోట, ఉన్న ఆత్మల కోసం సొమ్ము వేసేవారికి మాత్రం పశ్చాత్తాపం గానీ పాపసంకీర్తనం గానీ అవసరం లేదని కూడా అందులోనే రాశారు. ఇది సంతలో నోరు జారిన ప్రచారకుడి మాట కాదు, అగ్రపీఠాధిపతి కార్యాలయం నుంచి వెలువడిన ఆదేశం. 1517 అక్టోబరు 31న లూథర్ ఆల్బ్రెక్ట్‌కు పంపిన 95 వాదాంశాల్లో 35వది సూటిగా దీనినే ఖండిస్తుంది. పేదవాడికి పెట్టడం పత్రం కొనడం కంటే మేలని 43వది చెబుతుంది.

మొదటి వాదాంశం మరీ ముఖ్యం. క్రీస్తు పిలుపును లాటిన్ బైబిలు ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అనే అర్థం వచ్చేలా అనువదించింది. పండితుడు ఎరాస్మస్ 1516లో ముద్రించిన గ్రీకు మూలంలో ఉన్న మాటకు మనసు మారడమని అర్థం. మన తెలుగు బైబిలులో ‘మారుమనస్సు పొందుడి’ అని చదివేది దానినే. ప్రాయశ్చిత్తమైతే ఒకనాటికి పూర్తవుతుంది, దానికి వెల కట్టవచ్చు, ఒకరి బదులు మరొకరు చెల్లించవచ్చు. మారుమనస్సు అలాంటిది కాదు. విశ్వాసి జీవితమంతా అదేనని లూథర్ మొదటి వాక్యంలోనే రాశాడు. అక్రమాన్ని చూసి బయలుదేరినవాడు ఆ మాట దగ్గరకు వచ్చేసరికి బోధనే తాకక తప్పలేదు. 1519లో లైప్‌జిగ్‌లో కతోలిక పండితుడు యోహాన్ ఎక్ నిలదీసినప్పుడు, లూథర్ హుస్ మాటల్లో కొన్ని సత్యమైనవేననీ, మహాసభలు కూడా పొరబడవచ్చుననీ అన్నాడు. ఆ తరువాత అది పత్రాల తగాదాగా మిగలలేదు.

ఉపదేశిగారి కుమార్తె, కతోలిక విచారణ సభ్యురాలు

ఆదేశపత్రంలోని ఆ వాక్యం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అది మా శ్రీసభ కూడా సిగ్గుపడవలసిన వాక్యమే. కానీ బోధను తాకిన తరువాత చీలిక తప్పదనే మాటను మాత్రం ఒప్పుకోలేను. 1541లో రేగెన్స్‌బర్గ్‌లో లూథర్ సహచరుడైన మీ మెలాంక్‌థాన్, మా కాంటరీని ఒకే చర్చలో పాల్గొన్నారు. మనిషిని దేవుడు నీతిమంతునిగా ఎంచేది ఎలా అన్న విషయంపైనే ఇరుపక్షాలూ ఒక ఒప్పంద వాక్యానికి వచ్చాయి. దానిని అటు లూథరూ అంగీకరించలేదు, ఇటు రోమూ అంగీకరించలేదు. ఆ తప్పును రెండు వైపులా పంచుకోవాలి, సోదరా.