చేప పిండంలో అతికించిన ముక్క మెదడుకు రూపు ఇస్తుందా, అనుమతి మాత్రమే ఇస్తుందా?

యలహంక మీనాక్షి:
ఆదివారం మల్లేశ్వరంలో మన తెలుగు సైన్సు మిత్రుల కూడికలో తేలని గొడవను ఇక్కడికి తెస్తున్నాను. వక్త చెప్పింది ఇది: జీబ్రా చేప పిండంలో షీల్డ్ అనే చిన్న ఉబ్బును తీసి మరో పిండం పొట్టవైపు అతికిస్తే, అక్కడ రెండో శరీర అక్షం (తల నుంచి తోక దాకా సాగే అమరిక), దానితో పాటు రెండో నాడీ వ్యవస్థ పుడతాయి, కాబట్టి మెదడులో ఏ భాగం ఎక్కడ రావాలో షీల్డే నిర్ణయిస్తుంది. మొదటి సగంతో నాకు పేచీ లేదు. ఆ ‘కాబట్టి’ దగ్గరే ఉంది.

నాడీ కణజాలంగా మార్చడం ఒక పని. అందులో ఇది ముందు మెదడు, ఇది వెనుక మెదడు అని వంతులు వేయడం ఇంకో పని. చేపలో ఈ రెండూ ఒకే ముక్క చేయదని 1997లో వూ, ఫ్రేజర్ చూపించారు. షీల్డ్ కాకుండా పిండం అంచులోని కణాలను తెచ్చి ముందు మెదడు కావలసిన కణాల పక్కన పెట్టారు. అక్కడ వెనుక మెదడు లాంటి నిర్మాణం వచ్చింది. షీల్డ్ కణాలు పెట్టినప్పుడు అలాంటి మార్పు ఏదీ రాలేదు.

జయనగర్ మాస్టారు:
అమ్మా మీనాక్షీ, డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పీ చెప్పీ నోరు అరిగినవాణ్ణి. 1924లో స్పేమన్, హిల్డా మాంగోల్డ్ లేతరంగు న్యూట్ (బల్లిలా ఉండే ఉభయచరం) పిండంలోని ఆర్గనైజర్ ముక్కను, అంటే చేపలో షీల్డ్‌కు సాటివచ్చేదాన్ని, ముదురురంగు న్యూట్ పిండంలో పెట్టారు. రెండో నాడీ నాళం పుట్టింది, అందులో ఎక్కువ కణాలు ముదురురంగువే, అంటే ఆతిథ్యమిచ్చిన పిండానివే. (పాపం, ఆ ఏడాదే ఆమె అగ్నిప్రమాదంలో కన్నుమూశారు. 1935లో నోబెల్ స్పేమన్ ఒక్కరికే దక్కింది.) చేపల్లో షీల్డ్ మార్పిడిని 1936లోనే జేన్ ఆపెన్‌హైమర్ ప్రచురించారు. పొట్టచర్మం కావలసిన కణాలు మెదడుగా, వెన్నుపాముగా వరుసలో అమరాయి. వరుసలో! ఆ వరుస ఎవరిచ్చినట్టు? మీ అంచు కణాలు ఒంటరిగా ఒక తలను పుట్టించగలవా?

చేపలగది:
మాస్టారూ, ఆ జవాబు ముక్కలో కాదు, ముక్కను పెట్టిన చోటులో ఉంది. నేను ఈ పనే చేస్తాను కనుక కొంచెం వివరంగా చెబుతాను.

పొద్దున దీపాలు వెలగగానే చేపలు గుడ్లు పెడతాయి. 28.5 డిగ్రీల దగ్గర ఉంచితే ఆరు గంటలకు, అంటే ఇక్కడ టీ వేళకు, షీల్డ్ కనబడుతుంది. పిండం అడ్డంగా 0.7 మిల్లీమీటర్లు. పైపొర ఒలిచి, అగరోజ్ గుంటలో కూర్చోబెట్టి, గాజు సూదితో ఆ ఉబ్బును పీల్చాలి. దాత పిండానికి ఒకే కణంగా ఉన్నప్పుడే ఎర్రగా మెరిసే రంగు ఎక్కించి ఉంచుతాం. మర్నాడు చూస్తే రెండో అక్షంలో నోటోకార్డ్ (వెన్ను పొడవునా ఉండే కడ్డీ లాంటి భాగం) ఎర్రగా ఉంటుంది. దాని మీది నాడీ నాళంలో అడుగున కొన్ని కణాలు తప్ప రంగు ఉండదు. ప్రేరణ నిజమే, ఎవరూ కాదనరు.

అయితే సూది వెంట్రుకవాసి పక్కకు జరిగితే అంచు కణాలు కూడా లోపలికి వచ్చేస్తాయి. ఆ ఫలితాన్ని షీల్డ్ ఖాతాలో రాయడం న్యాయం కాదు. పైగా పొట్టవైపు పెట్టడమంటే అంచు మీద పెట్టడమే. అక్కడ వెనుకభాగపు సంకేతాలు ముందే ఉన్నాయి. షీల్డ్ కార్డిన్ వంటి ప్రోటీన్లతో బీఎంపీని (కణాలను చర్మం వైపు నడిపే సంకేత ప్రోటీన్‌ను) అడ్డుకుని నాడీ కణజాలానికి దారి వేస్తుంది. దాన్ని వెనుక మెదడుగా, వెన్నుపాముగా మలిచేది ఆ అంచు.

ఇందిరానగర్ సందేహం:
నిర్ణయించడం అనే మాటే ఎక్కువ. 1930లలో చచ్చిన ఆర్గనైజర్ ముక్క కూడా న్యూట్ పైచర్మ కణాలను నాడీ కణజాలంగా మార్చింది. మిథిలీన్ బ్లూ అనే రంగు కూడా మార్చింది. రంగుకు మెదడు పటం తెలుసా? ముహూర్తం పెట్టిన పురోహితుణ్ణే పెళ్లికొడుకు అంటే ఎలా? అంతా అందుకునే కణాలలోనే ఉంది.

యలహంక మీనాక్షి:
న్యూట్ చర్మకణాలు ఏది తగిలినా నాడీ కణజాలం అయ్యే రకం. ఆ లెక్క చేపకు తేకండి. మీ వాదనకు పరీక్ష సులువు: చోటు మార్చకుండా ముక్క మార్చాలి. వూ, ఫ్రేజర్ చేసింది అదే. ముక్క అనుమతి మాత్రమే ఇచ్చేదైతే రెండు ముక్కలకూ ఒకే ఫలితం రావాలి. రాలేదు.

మాస్టారూ, అంచు తలను పుట్టిస్తుందని నేను అనలేదు. 2003లో థిస్ బృందం పొట్టవైపు అంచును మార్పిడి చేస్తే తోక పుట్టింది. ముందు మెదడు సంగతి చూడండి: నాడీ ఫలకం (తర్వాత మెదడు గొట్టంగా మూసుకునే కణాల పలక) ముందంచున కొద్దిపాటి కణాలు తీసేస్తే అది దెబ్బతింటుందని, వాటిని వెనక్కి మార్చి పెడితే ముందు మెదడు జన్యువులు అక్కడ పనిచేస్తాయని 1998లో హువార్, వెస్టర్‌ఫీల్డ్, విల్సన్ చూపారు. అవి షీల్డ్ కణాలు కావు. మరి షీల్డ్‌కు ఇన్ని బిరుదులు ఎందుకు?

జయనగర్ మాస్టారు:
బాగానే పంపకాలు చేశావమ్మా. 2014లో అదే థిస్ బృందం ముక్కలనే పక్కన పెట్టింది. పిండం పైకొనలో, షీల్డ్ గానీ అంచు గానీ లేని చోట, ఒక కణంలో బీఎంపీ, మరో కణంలో నోడల్ అనే ఇంకో సంకేత ప్రోటీన్ ఎక్కించింది. రెండో అక్షం పూర్తిగా వచ్చింది. రెండు సంకేతాల వాలు (దూరం పెరిగేకొద్దీ మోతాదు తగ్గడం) చాలినప్పుడు నీ ముక్కల లెక్క ఏమవుతుంది?

చేపలగది:
నోడల్ ఎక్కువ పడ్డ చోట ఆర్గనైజర్ లాంటి కణాలే పుడతాయి కదా మాస్టారూ. ముక్కను బయటి నుంచి తేకుండా అక్కడే తయారు చేశారు, అంతే తేడా.

నాకు అసలు ఆసక్తి అంచు ముక్క లోపల ఏముందన్న దాని మీద. 1997 పత్రంలోనే ఎఫ్‌జీఎఫ్ అనే సంకేత ప్రోటీన్ ఒక్కటే పెట్టి చూశారు. ముందు మెదడు వికారమైంది కానీ వెనుక మెదడు కాలేదు. పక్క అంచులో వింట్8 అనే మరో సంకేత ప్రోటీన్ పనిచేయకపోతే మాత్రం ముందు మెదడు పరుచుకుంటుంది, వెనుకభాగం కుంచించుకుపోతుంది. ఇందిరానగర్ గారూ, వింట్8 లేని అంచు ముక్కను ముందు మెదడు చోట పెడితే ఏం రావాలి? మీ లెక్కలో వెనుక మెదడు రావాలి, మీనాక్షి అక్క లెక్కలో రాకూడదు. ముందు మీ జోస్యం రాయండి.

ఇందిరానగర్ సందేహం:
రాదనే రాస్తాను. అయినా నా వాదన పోదు. వింట్8 నిండుగా ఉన్న ముక్కనే మెదడు గొట్టంగా మూసుకున్నాక పెట్టండి, ఏమీ మారదు. స్పందించే గడువు కొద్ది గంటలే, ఆ గడువు పెట్టింది మీ ముక్క కాదు. దానికి మీనాక్షి గారి జవాబేమిటి?